బోరు శబ్దార్థ విచారము

ఆంగ్లభాషనుండి తెలుగులో ప్రవేశించిన వేలకొలది పదాలలో ‘బోరు’ అత్యల్పమైన శబ్దం. రెండే అక్షరాలు. అయినప్పటికీ జనగామ ప్రాంతపు కర్షకుని జీవితాన్ని గత నాలుగైదు దశాబ్దాలుగా ఇంతగా శాసించిన అన్యదేశ్యపదం మరొకటి లేదు. జీవనది లేని ఈ సీమలో, కఠినశిలలపై పలుచగా పరచుకొన్న నేలలో, వానలను, చెరువులను, బావులను నమ్ముకొని బ్రతికిన పల్లెలు పాలకుర్తి, బచ్చన్నపేట, నర్మెట, దేవరుప్పుల మండలాలలో ఎన్నో కలవు. అట్టి పల్లెలలో నీటికి పర్యాయమై నిలిచిన పదాన్ని పండితులు అశ్రద్ధ చేయుట, కార్యాలయాలు తప్పుగా అనువదించుట, నిఘంటువులు విసుగు అనే ఒక్క అర్థంతో సరిపెట్టుట తగిన పని కాదు. ఈ మూడింటిలో నడిమిది కేవలం భాషాదోషం కాక ప్రాణహాని దాకా పోగలదు గనుక ఈ విచారం అవసరమైనది.

ముందుగా ఆంగ్లంలో ఈ శబ్దస్థితిని చూడవలెను. అచ్చట ‘బోర్’ అనే ఒకే ఉచ్చారణ క్రింద కనీసం నాలుగు వేర్వేరు శబ్దాలు దాగి ఉన్నవి. ఒకటి తొలుచుట అనే అర్థం గల ప్రాచీన క్రియ. జర్మన్ భాషలోని ‘బోరెన్’, లాటిన్ భాషలోని ‘ఫోరారే’ దీనికి జ్ఞాతులు. తుపాకీ గొట్టపు లోపలి రంధ్రానికి ‘బోర్’ అనే పేరు దీనినుండియే వచ్చినది. రెండవది సముద్రపు పోటు నదీముఖంలోనికి గోడవలె ఎగసివచ్చే అల. ఇది ఉత్తరదేశపు ప్రాచీన నార్స్ భాషలో అల అనే అర్థం గల పదంనుండి వచ్చినదని శబ్దవేత్తలు భావింతురు. హుగ్లీ నదిలో ఇట్టి అల నేటికీ వచ్చుచున్నది. మూడవది మోయుట, భరించుట అనే క్రియకు భూతకాల రూపం. ఇది సంస్కృతంలోని భృ ధాతువుకు తోబుట్టువు; భర్త, భారము, భృత్యుడు అనే మన పదాలకు ఆ ఆంగ్లరూపం దూరపు చుట్టమన్నమాట. నాలుగవది విసుగు పుట్టించుట. ఇది పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో మాత్రమే గ్రంథస్థమైనది. దీని పుట్టుక నేటికీ నిశ్చితం కాలేదు. తొలుచుట అనే అర్థంనుండియే లక్షణచేత ఇది వచ్చినదని కొందరందురు గాని ప్రమాణం చాలదు.

ఇట్టి చోట మన శాస్త్రకారులు రెండు పక్షాలను చెప్పిరి. ఒకే శబ్దానికి అనేకార్థాలు కలవన్నది ఒక పక్షం. అర్థం మారినచో శబ్దమే మారినదని, ధ్వనిసామ్యంచేత ఒకటిగా తోచునని రెండవ పక్షం. ఆంగ్ల ‘బోర్’ విషయంలో రెండవ పక్షమే యుక్తం. ఏది ఏ చోట గ్రాహ్యమో సాహచర్యం, ప్రకరణం, దేశం, కాలం మొదలగునవి నిర్ణయించునని వాక్యపదీయకారుడు భర్తృహరి వివరించినాడు. భోజనవేళ సైంధవమన్నచో ఉప్పు, ప్రయాణవేళ సైంధవమన్నచో గుఱ్ఱం. అట్లే చేనిగట్టున నిలిచిన రైతు ‘బోరు’ అన్నచో ఒక అర్థం, వేసవి సెలవులలో ఇంటనున్న బాలుడు ‘బోరు’ అన్నచో మరొక అర్థం. ఇందులో ఎవరికీ సందేహం కలుగదు.

అయితే ఆంగ్లం రాకముందే తెలుగున ఒక ‘బోరు’ కలదన్న సంగతి మరువరాదు. బోరున విలపించుట, బోరుమనుట అనునవి ధ్వన్యనుకరణం వలన పుట్టిన అచ్చతెలుగు పలుకుబడులు. రొమ్మును చెప్పు ‘బోర’, దానినుండి ‘బోరగిలబడుట’, ‘బోర్లపడుట’ వేరు. ఎలుక, పాము నివసించు రంధ్రానికి ‘బొరియ’ అనే దేశ్యపదం ఉన్నది. ఇంకేమి, బొరియనుండియే బోరు పుట్టినదని, ఆంగ్లేయుడే మననుండి తీసికొన్నాడని ఉత్సాహపడువారు లేకపోలేదు. అర్థంలో పోలిక, ధ్వనిలో పోలిక రెండూ ఉన్నమాట నిజమే. కాని ఆంగ్లపదానికి జర్మానిక్ భాషలలో వేయేండ్లకు పైబడిన స్వతంత్ర చరిత్ర ఉన్నది. బొరియకు ద్రావిడ కుటుంబంలో దాని చోటు దానికి ఉన్నది. పోలికనుబట్టి చుట్టరికం కలుపుట పెండ్లిపందిట చెల్లును గాని నిరుక్తంలో చెల్లదు.

ఈ ఉత్సాహాన్ని పూర్వమీమాంసకులు ఏనాడో నివారించిరి. జైమిని సూత్రాలలో మొదటి అధ్యాయం మూడవ పాదాన పికనేమాధికరణమని ఒక విచారం కలదు. పిక, నేమ, తామరస వంటి కొన్ని పదాలు వేదంలో ఉన్నవి, ఆర్యవ్యవహారంలో వాటి అర్థం ప్రసిద్ధం కాదు. మ్లేచ్ఛవ్యవహారంలో మాత్రం ప్రసిద్ధం. పికమనగా కోకిల, నేమమనగా సగం, తామరసమనగా పద్మం. ఇట్టి పదాలకు వ్యాకరణ నిరుక్తాల సాయంతో కొత్త అర్థాన్ని కల్పించవలెనా, లేక వాటిని వాడు మ్లేచ్ఛుల వ్యవహారంనుండి అర్థాన్ని గ్రహించవలెనా అన్నది ప్రశ్న. వాడువారి వ్యవహారమే ప్రమాణమని సిద్ధాంతం. వేదవాక్యపు అర్థనిర్ణయంలోనే పామరవ్యవహారాన్ని ప్రమాణంగా అంగీకరించిన ధైర్యం అది. ఈ అధికరణం మీద వార్తికం వ్రాసిన కుమారిలభట్టు ద్రావిడపదాలనే ఉదాహరణలుగా తెచ్చినాడు. అన్నాన్ని చెప్పు ‘చోర్’ను సంస్కృత చోరశబ్దంతోను, పామును చెప్పు పదాన్ని పాపశబ్దంతోను, కడుపును చెప్పు ‘వైర్’ను వైరంతోను ముడివేసి అర్థాలు లాగువారిని ఆయన ఎత్తిపొడిచినాడు. దక్షిణదేశపు పలుకుబడికి క్రీస్తుశకం ఏడవ శతాబ్ది ప్రాంతపు మీమాంసకుడు ఇచ్చిన గౌరవం నేటి పరిభాషా నిర్మాతలు కొందరు ఇచ్చుట లేదనుట చింతింపదగినది.

కావున ‘బోరు’ అర్థాన్ని లండను నిఘంటువునో, కార్యాలయపు పదకోశాన్నో కాక జనగామ రైతును అడిగి తెలిసికొనవలెను. అడిగినచో ఆశ్చర్యకరమైన సంపద బయటపడును.

రైతు బోరు ‘వేయును’. బోరు ‘పడును’ లేదా ‘పడదు’. ‘బోరు పడలే’ అన్నచో తొలిచినా జలం లభింపలేదని అర్థం. ‘నీళ్లు పడ్డయి’ అన్నచో పాతాళంనుండి పైకి వచ్చిన నీటికి పడుట అనే క్రియ! పైకి లేచిన దానిని పడెననుట పైకి విరుద్ధంగా తోచును గాని, ఇచట ‘పడు’ ధాతువు లభించుట అనే అర్థం కలది. వలలో చేప పడినట్లు, కంట పడినట్లు. బోరు ‘పోయును’, రైతు తరువాత ఆ పోయుటను అంగుళాలతో కొలుచును. ‘రెండించుల నీళ్లు’ అన్నది గొట్టపు నోట వెడలు ధార పరిమాణం. కొంతకాలానికి బోరు ‘ఎత్తిపోవును’, ‘గుంజదు’, ‘ఎండును’. ‘బోరు బంజెయ్యి’ అన్నప్పుడు ఆపవలసినది రంధ్రాన్ని కాదు, విద్యుద్యంత్రాన్ని. ‘బోరు మస్తు పోస్తున్నది’ అన్నప్పుడు పోయునది రంధ్రమూ కాదు, యంత్రమూ కాదు, నీరు. రంధ్రం, యంత్రం, నీరు, ఈ మూడింటికీ ఒకే శబ్దం ఆధారాధేయభావంచేత చెల్లుచున్నది. మంచాలు అరచుచున్నవి అన్నప్పుడు మంచాలమీది మనుషులు అరచుచున్నారని గ్రహించుట పాఠశాలలో చెప్పు మొదటి లక్షణోదాహరణం. దానికి సాటియైన లౌకికోదాహరణం జనగామ చేలలో దినదినం వినబడుచున్నది.

‘బోరింగు’ అనే పదం ఇంకను రమణీయం. ఆంగ్లంలో ఇది తొలుచుట అనే క్రియాభావాన్ని చెప్పును. తెలంగాణ పల్లెలో ‘బోరింగు’ అనగా చేతిపంపు. ‘బోరింగుకాడ బిందె పెట్టిరా’ అనుట అందరికీ పరిచితం. భావార్థకం కరణార్థకమైనది. సంస్కృతంలో ల్యుట్ ప్రత్యయం సరిగా ఇట్లే ప్రవర్తించును: గమనం, పఠనం అన్నచోట భావం, వాహనం, సాధనం అన్నచోట కరణం. పాణినిని చదువని గ్రామీణుడు పరభాషాపదానికి పాణినీయ మార్గాన్నే చూపినాడు. దీనిని అపభ్రంశమని త్రోసివేయుట సులభం, గమనించి ఆనందించుట శాస్త్రజ్ఞుని పని.

మరొక విషయం ఇంతకన్న ముఖ్యం. ఈ ప్రాంతంలో బావిని ‘బాయి’ అందురు. ‘బాయికాడికి పోయిండు’ అన్నచో బావిగట్టునకు పోయినాడని కాదు, పొలానికి పోయినాడని. వ్యవసాయమంతయు బావిచుట్టు నడిచిన కాలంలో బావియే క్షేత్రానికి పేరైనది. మోటబొక్కెన, తొండం, గిరక, ఎద్దులు వెనుకకు ముందుకు నడచు దారి, కాలువ, మడి వరకు ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పేరు ఉండెడిది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటం వ్యవసాయపదాలదే; నాటి పదసంపదకు అది నిలువుటద్దం. విద్యున్మోటారు వచ్చి మోట పోయినది. మోటతో దాని పదాలు పోయినవి. బోరు వచ్చి బావి పూడినది. కాని ‘బాయికాడికి’ అన్న మాట పూడలేదు. బావి లేని, బోరు మాత్రమే ఉన్న చేనికి పోవు యువకుడు కూడ బాయికాడికే పోవుచున్నాడు. వస్తువు నశించిన తరువాత దాని పేరు తాను నిలిచి ఉండుట రూఢిలక్షణకు పరాకాష్ఠ. నిపుణుడని అర్థమిచ్చు కుశలశబ్దంలో కుశదర్భలను కోయుట అనే మొదటి అర్థం అంతరించినట్లే ఇదియు.

భూగర్భజలాన్ని వెదకు విద్య మనకు కొత్త కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయమే కలదు. మానవదేహంలో రక్తనాళాలవలె భూమిలో జలసిరలు కొన్ని పైన, కొన్ని లోతున ప్రవహించునని ఆరవ శతాబ్దికి చెందిన ఆ ఆచార్యుని అభిప్రాయం. చెట్ల జాతులు, పుట్టలు, మట్టిరంగులను గుర్తులుగా చెప్పినాడు. గుర్తులలో ఎన్ని నేటి పరీక్షకు నిలుచునన్నది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన మాట. కాని సిర అనే పదం మాత్రం జనగామ గ్రానైటు నేలకు అతికినట్లు సరిపోవును. ఇచట నీరు ఇసుకనేలలో వలె అంతటా నిండి ఉండదు. పైనున్న శిథిలశిలలోను, దాని క్రింది రాతిపగుళ్లలోను మాత్రమే ఉండును. పగులు తగిలినచో నీరు, తగులనిచో ధూళి. ఒకే చేనిలో పది గజాల దూరంలో ఒక బోరు పోసి మరొకటి ఎండుటకు కారణం ఇదే. కొబ్బరికాయను అరచేత నిలిపియో, వేపపుల్లను పట్టియో నీటిని చూచువారికి నేటికీ పిలుపులు వచ్చుచున్నవనగా, అజ్ఞానం కన్న నిరాశయే అందులో ఎక్కువ. ఒక బోరు పడనిచో రెండవది, అదియు పడనిచో మూడవది, వందల అడుగుల లోతునకు. అప్పు దాని వెంట దిగును. నల్లగొండ జిల్లా ముషంపల్లిలో మనుషుల సంఖ్యకన్న బోర్ల సంఖ్య ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ 2000 తరువాతి దశాబ్దంలో వ్రాసినాడు. ‘బోర్లల్ల మునిగిండు’ అను పలుకుబడి పుట్టినది ఇట్టి చోటనే. నీరు లేని బోరులో మునుగుట! ఆలంకారికులు దీనిని విరోధాభాసమందురు గాని, వాడువారికి ఇది అలంకారం కాదు.

విసుగు అర్థం గల ‘బోరు కొట్టుట’ను గురించి అధికంగా చెప్పవలసినది లేదు. ఇది పట్టణపు చదువుల వెంట వచ్చి పల్లెకు చేరినది. విసుగు, వెగటు, ఏవ, మొగంమొత్తుట అనే మాటలు మనకున్నవి. తెలంగాణలో ‘పొద్దు పోతలేదు’ అనే నిండైన పలుకుబడి ఉన్నది. నిర్వేదమని దీనిని సంస్కృతీకరించుట మాత్రం అపచారం. నిర్వేదం భరతముని చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావాలలో మొదటిది, మమ్మటుని మతంలో శాంతరసానికి స్థాయి. చలనచిత్రం బాగుండకపోయినంత మాత్రాన ఎవనికీ నిర్వేదం కలుగదు.

ఇక అసలు వివాదాంశం. బోరును తెలుగు చేయవలెనన్న సదుద్దేశంతో ‘గొట్టపుబావి’ అన్నారు. హిందీలో ‘నలకూపం’ ఉన్నది గనుక దానికి జతగా ఇది వచ్చి ఉండవచ్చును. గొట్టపుబావిని జనగామ సంతలో పలికినచో అర్థం చేసికొనువారు అరుదు. తరువాత పత్రికలు ‘బోరుబావి’ అన్నవి. ఆంగ్లపదానికి తెలుగుపదం కూర్చిన మిశ్రసమాసం ఇది. వ్యాకరణదృష్టితో దీనిపై కత్తి దూయనక్కరలేదు. జిల్లాకోర్టు, రైలుబండి, పోస్టుకార్యాలయం వంటివి ఎన్నో సమ్మతమైనవి. దోషం సమాసంలో కాదు, ఉత్తరపదంలో ఉన్నది. బావికి గట్టున్నది, ఒరలున్నవి, తొంగిచూచినచో నీరు కనబడును. తల్లి ‘బాయి దగ్గరికి పోకు’ అన్నచో బిడ్డ ఎరుగును. బోరు నోరు ఆరున్నర అంగుళాలు. నేలతో సమంగా ఉండును. గడ్డి పెరిగినచో కనబడదు, ఒక గోనెసంచి కప్పినచో ఉన్నదనియే తెలియదు. బావి అనే మాట మనస్సులో కలిగించు చిత్రంలో ఈ అపాయానికి చోటు లేదు.

2020 మేలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో మూడేండ్ల బాలుడు పొలంలోని బోరులో పడి మరణించినాడు. 2017 జూన్‌లో చేవెళ్ల సమీపాన ఏడాదిన్నర పాప ఇట్లే మరణించినది. ప్రతిసారి పత్రికలలో ‘నిరుపయోగ బోరుబావి’ అనే మాట వచ్చును. అధికారుల ప్రకటనలలో ‘నిరుపయోగ బోరుబావులను పూడ్చవలెను’ అని ఉండును. కాని పొడ్చన్‌పల్లిలోని బోరు కొత్తగా వేసినది, నీరు పడక వదిలినది. కొత్తగా తొలిచిన రంధ్రాన్ని నిరుపయోగమని ఏ రైతు అనుకొనును? నిరుపయోగమన్నచో ఏండ్ల క్రితం ఎండి తుప్పుపట్టినదని లోకానికి తోచును. పైగా ఆశ చావని రైతు దృష్టిలో ఏ బోరూ నిరుపయోగం కాదు; చెరువు నిండిన ఏడు అది మరల పోయవచ్చును. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ తరువాత, దేవాదుల నీరు చేరిన ఊళ్లలో, ఎండిన బోర్లు మరల పోసిన సంగతి అతడు కన్నులార చూచినదే. అందుచేత ‘నిరుపయోగ’ అనే విశేషణం తనకు వర్తించునని అతనికి తోచదు. ఆంగ్ల ప్రకటనలోని పదానికి వదలివేసినది అని అర్థం. వదలుట మనిషి చేసిన పని, నిరుపయోగం వస్తువు గుణం. మొదటిదానిలో బాధ్యుడున్నాడు. రెండవదానిలో లేడు.

దీనిపై ఆక్షేపం రావచ్చును. చట్టమే బోరును బావి అన్నది గదా అందురు. నిజమే. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బావి అనే సంజ్ఞలో తవ్వుబావిని, బోరును, ఇతర సాధనాలను చేర్చినది. మంచినీటి వనరునుండి 250 మీటర్లలోపు కొత్త బావి వేయరాదన్నచో అది బోరుకును వర్తించుటకు అట్లు చేర్చుట అవసరమే. శాస్త్రంలో కృత్రిమసంజ్ఞ బలవత్తరం; వృద్ధి అన్నచో పాణిని చదువరికి ఆ, ఐ, ఔ అనే వర్ణాలే గాని ఎదుగుదల కాదు. కాని ఆ న్యాయం శాస్త్రపు హద్దులలోనే చెల్లును. వడ్డీవ్యాపారితో వృద్ధి అన్నప్పుడు ఎవరూ ఆ, ఐ, ఔ లను తలపరు. చట్టంలో బోరు బావి కావచ్చును. ఊరిబయట నాటిన హెచ్చరిక పలకలో కారాదు. 2010లో సర్వోన్నత న్యాయస్థానం ఇట్టి మరణాలను నివారించుటకు స్పష్టమైన ఆదేశాలిచ్చినది. తొలుచునప్పుడు చుట్టు ముండ్లకంచె, కేసింగు చుట్టు సిమెంటు దిమ్మె, నోటికి ఉక్కుమూత, వదలినచో అడుగునుండి నేలమట్టం దాక మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చుట అందులో ఉన్నవి. ఆదేశంలో లోపం లేదు. అది పల్లెకు చేరిన తెలుగులో లోపం ఉన్నది.

పల్లెలో మాటలు లేవా అన్నచో ఉన్నవి. ‘బోరుగుంత’ అందురు. రంధ్రానికి తెలంగాణలో ‘పొక్క’ అనే చక్కని మాట ఉన్నది. ‘బోరుపొక్క’ అన్నచో పసిబాలునికి సైతం బోధపడును. ‘నీళ్లు పడని బోరుగుంతను అదే పొద్దు పూడ్చవలెను’ అని పలకపై వ్రాసినచో ఎవరికి, ఎప్పుడు, ఏ పని విధింపబడినదో సందేహం లేకుండును. పండితులకు గ్రామ్యమని తోచినచో తోచుగాక. పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధి గాంచిన పాలకుర్తి ఈ జిల్లాలోనే ఉన్నది. సంస్కృతంలో నిష్ణాతుడైన ఆ కవి సామాన్యులకు తెలియవలెనని జానుతెనుగును చేపట్టుట ఈ పత్రిక చదువరులకు చెప్పవలసినది కాదు.

నిఘంటుకారులు చేయవలసినది కూడ స్పష్టం. సి.పి. బ్రౌను 1854లోనే తెలుగున వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించినాడు. పరదేశికి తప్పనిపించని పని స్వదేశికి తప్పనిపించుట వింత. రాబోవు కోశాలలో విలాపధ్వనియైన దేశ్య ‘బోరు’ ఒక ఆరోపంగాను, విసుగును చెప్పు ‘బోరు’ వేరొక ఆరోపంగాను, జలసాధనమైన ‘బోరు’ మరొక ఆరోపంగాను ఉండవలెను. ఈ చివరి దాని క్రింద వేయు, పడు, పోయు, ఎత్తిపోవు, గుంజు, ఎండు అనే క్రియలను వాటి ప్రయోగాలతో చూపవలెను. ‘బోరింగు’కు చేతిపంపు అనే అర్థం వ్రాసి ప్రాంతాన్ని సూచించవలెను. ‘బోరుగుంత’, ‘బోరుపొక్క’ అనే రెండును ‘బోరుబావి’ నుండి వేరుచేసి, నీరు పడక మూత లేక వదిలిన రంధ్రమని అర్థం చెప్పవలెను. జనగామ, పాలకుర్తి, బచ్చన్నపేట మండలాలలో మోటను స్వయంగా తోలినవారు కొందరు ఇంకను మన మధ్య ఉన్నారు; బోరు పదాలతోబాటు వారినుండి మోటపదాలను కూడ సేకరించుటకు ప్రాచ్యకళాశాలల విద్యార్థులను ఒక వేసవిలో ఊళ్లకు పంపినచో పని సగం పూర్తియగును.